అరవై ఒకటో పేజీ

బెథెస్డా
21 జనవరి 2018

ప్రియమైన అత్తయ్యకు,

మీరు పంపిన ఎండుద్రాక్ష రొట్టె అందింది. పోస్టతను గడప బయట వానలో పెట్టి పోయాడు, ఒక పక్క నానిపోయింది. ఆ నానిన పక్కే హైవెల్ తినేశాడు. "మా అమ్మ చేతి రొట్టె నానినా రొట్టే" అన్నాడు. రేపు మళ్ళీ ఓడెక్కుతాడు. రెండు వారాలు ఐర్లండు దాకా వెళ్ళొచ్చే జనానికి వండి పెట్టాలి.

మీకు ఫోనులో వినపడదు కనుక అంతా వివరంగా రాస్తున్నాను. మా హెలెద్‌కు వచ్చే వికలాంగ పిల్లల భృతి గడువు తీరితే మళ్ళీ దరఖాస్తు పెట్టానని చెప్పాను కదా, జవాబు వచ్చింది. నడకకు ఇచ్చే భాగంలో ఈసారీ కింది రేటే ఇచ్చారు. తెలియని చోట పక్కన మనిషి తోడుండాల్సిన పిల్లలకు కింది రేటు. నడవలేని, లేదా నడిచీ నడవనట్టే ఉన్న పిల్లలకు పై రేటు. ఆ పై రేటు ఉంటేనే, భృతికి బదులు కారు ఇచ్చే పథకంలో చేరనిస్తారు. మా పాత కారు పోయాక మా బతుకెలా ఉందో మీకు తెలుసు. మా వీధి ఎక్కేటప్పుడు గొర్రెలు కూడా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటాయి. బస్సు దిగిన దగ్గర్నుంచి ఏడేళ్ళ పిల్లను వీపు మీద మోసుకొస్తున్నాను. అది ఎదుగుతోంది, నా నడుము మాత్రం ఎదగడం లేదు.

"తరగతి గదిలో తనంతట తాను తిరుగుతుంది" అని బడి వాళ్ళు రాశారట. దాన్ని పట్టుకుని కాదన్నారు. తరగతి గది ఎంతుంటుంది? ఎనిమిది అంగలు.

మళ్ళీ పరిశీలించమని అడగడానికి నెల గడువుంది. ఏటా వేసవిలో రెండు వారాలు అది మీ దగ్గరే ఉంటుంది కనుక మీ మాటకు విలువుంటుంది. హెలెద్ గురించి ఒక మంచి ఉత్తరం రాసి పెట్టండి. శాఖ చిరునామా, దాని నంబరు విడిగా చీటీలో పెట్టాను. ఉత్తరం పైన ఆ నంబరు వేయాలి.

మీ కోడలు
మెరెరిద్

అబెరైరన్
30 జనవరి 2018

మెరెరిద్‌కు,

నీ ఉత్తరం అందిన పూటే పని ముగించాను. మంచి ఉత్తరం అడిగావు, రాశాను. నాలుగు పేజీలు. నీకు పంపితే నువ్వు మళ్ళీ వాళ్ళకు పంపాలి, ఎందుకొచ్చిన తిరుగుడని నేనే నేరుగా పోస్టులో వేశాను. ముప్ఫై ఒక్కేళ్ళు బడి వంటిల్లు నడిపినదాన్ని. నా కింద పనిచేసిన ఎంతమంది ఆడపిల్లలు నేను రాసిచ్చిన కాగితంతో ఉద్యోగాలు తెచ్చుకున్నారో! నా ఉత్తరం చదివాక ఆ శాఖలో కళ్ళు చెమర్చని వాడుంటే వాడు రాయే.

ఒక మాట చెప్తాను, కోపగించుకోకు. "నడవలేని పిల్లలు" అని రాశావు. ఆ మాట మన ఇంట్లో వద్దు. పిల్ల ముందు అంటూ అంటూ ఉంటే అదే అవుతుంది. సాయం కావాలంటే అడుగుదాం, తప్పులేదు. కానీ పిల్లను తక్కువ చేసి అడగకూడదు.

ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. రేవులో పడవలన్నీ గుడ్డలు కప్పుకుని ముసలమ్మల్లా కూర్చున్నాయి. చాపెల్‌లో ముందు వరుసలో కూర్చోమంటారు వినపడుతుందని. ఎక్కడ కూర్చున్నా నాకు కనపడేది పాస్టరు గడ్డమే, పెదవులు కావు.

హెలెద్‌కు ఈ నాయనమ్మ ముద్దులు. నైన్ పంపిందని చెప్పు.

మెన్నా

బెథెస్డా
8 ఏప్రిల్ 2018

అత్తయ్యా,

రెండు చెడ్డ వార్తలు. పెద్దది ముందు చెప్తాను.

గురువారం హెలెద్ పడిపోయింది. ముందు పన్ను సగం విరిగింది, పెదవికి రెండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు బాగానే ఉంది, సూపు తాగుతోంది, విరిగిన పన్ను అగ్గిపెట్టెలో దాచుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

ఎందుకు పడిందో కూడా చెప్పాలి. శాఖ వాళ్ళు మళ్ళీ కాదన్నారు. ఇది రెండో వార్త. ఇక మిగిలింది ట్రిబ్యునల్‌కు అప్పీలే. సలహా కేంద్రంలో శ్రీమతి పారీ అని ఒకావిడ నాకు సాయం చేస్తోంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. "మంచి రోజు రాయకు, ఏడ్చిన రోజూ రాయకు. ఎక్కువ రోజులు ఎలా ఉంటుందో అది రాయి" అంది. ఎన్ని గజాలు నడుస్తుంది, ఎంతసేపట్లో, ఎలా నడుస్తుంది, ఆగాక ఏమవుతుంది, అన్నీ అడిగింది. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మడమలు నేలకు ఆనవు. నలభై గజాలకే మోకాళ్ళు కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడతాయి. నొప్పితో పెదవి కొరుక్కుంటుంది. వారంలో మూడు నాలుగు సార్లు పడుతుంది. చివర్లో "దాదాపు నడవలేదని చెప్పవచ్చు" అని రాశాను. చట్టంలో ఉన్న మాట అదేనట.

ఆ కాగితం బల్ల మీద ఉంచి స్నానానికి వెళ్ళాను. ఇప్పుడు అన్నీ చదువుతోంది కదా మన పిల్ల.

మర్నాడు బస్సు దిగగానే నా చెయ్యి విదిలించుకుంది. "నేను నడవలేనని రాశావు. చూడు" అంది. బడి గేటు దాకా ఒక్కతే పోయింది అత్తయ్యా. నన్ను ముట్టుకోనివ్వలేదు. గేటు దగ్గర పడింది.

దాన్ని ఒళ్ళో వేసుకున్నాను. "అమ్మ నిన్ను తిట్టలేదు, నీ కాళ్ళు ఎంత కష్టపడుతున్నాయో వాళ్ళకు చెప్పింది" అన్నాను. నమ్మిందో లేదో.

అయినా అప్పీలు పంపేశాను. ఆపను.

మెరెరిద్

అబెరైరన్
16 ఏప్రిల్ 2018

మెరెరిద్,

పెదవికి తేనె రాయి. సూపులో మిరియాలు వేయకు.

కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. దాన్ని పడేసింది దాని కాళ్ళు కాదు, నువ్వు రాసిన మాట. నేను జనవరిలోనే చెప్పాను. పిల్లకు "నువ్వు చేయగలవు" అని చెప్పే మనిషి ఒక్కరుండాలి. ఆ పని నీది. నువ్వు చేయకపోతే నేను చేస్తాను.

నా దగ్గరున్నప్పుడు అది ఒక్కసారి కూడా ఆగమనలేదు. రేవు గోడ వెంబడి నవ్వుకుంటూ వస్తుంది. మరి నీ దగ్గర నలభై గజాలకే ఎందుకు ఆగుతుంది? నువ్వు ఆగుతుందేమో అని చూస్తావు కనుక ఆగుతుంది.

వేసవికి పంపించు. రెండు వారాలు కాదు, నెల పంపించు.

మెన్నా

బెథెస్డా
19 జూన్ 2018

అత్తయ్యా,

అప్పీలుకు సంబంధించిన కాగితాల కట్ట నిన్న వచ్చింది. నూట నలభై పేజీలు. నా మాటలు, డాక్టరు మాటలు, బడి మాటలు, శాఖ వాళ్ళ వాదన, అన్నీ నంబర్లు వేసి కుట్టారు.

అరవై ఒకటో పేజీ నుంచి మీ ఉత్తరం.

చదివాను. "నా మనవరాలు కొండల్లో తిరిగే పోనీ గుర్రంలా గట్టిది. రేవు గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నాతో నడుస్తుంది. ఒక్కసారి కూడా ఆగమని అడగలేదు. ఏ సాయం లేకుండా ఏ పనైనా సాధించగల పిల్ల." శాఖ వాళ్ళు దాన్ని రెండుసార్లు ఎత్తి చూపారు. "పిల్ల నాయనమ్మే స్వయంగా చెప్పిన ప్రకారం" అట. బడి వాళ్ళ మాట కాదు, డాక్టరు మాట కాదు, మమ్మల్ని ఓడించింది మీ మాట.

ఏం రాశారో మీరు నాతో ఒక్క ముక్క అనలేదు. పేజీ పేజీకీ నా మీద కోపం తీర్చుకున్నారా? నేను పిల్లను తక్కువ చేస్తున్నానని ఆ శాఖకు చెప్పాలనిపించిందా?

హైవెల్‌కు చూపిస్తే రెండుసార్లు చదివాడు. తర్వాత "అమ్మకు తెలియదు మెరి" అన్నాడు. తెలియకపోతే రాయకూడదు.

ఈ వేసవికి హెలెద్ రాదు.

మెరెరిద్

అబెరైరన్
25 జూన్ 2018

మెరెరిద్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నువ్వు "మంచి ఉత్తరం" అడిగావు. పిల్ల గురించి మంచి రాయమన్నావనుకున్నాను. నేను ఉత్తరాలు రాసింది ఉద్యోగాలకు. అందులో పిల్ల బద్ధకస్తురాలని రాయరు, పాలు పొంగించిందని రాయరు. భృతి కూడా మంచి పిల్లలకే ఇస్తారనుకున్నాను. నవ్వుకో.

నీ మీద కోపం తీర్చుకోవడానికి నాకు నాలుగు పేజీలు అక్కర్లేదు, నాలుగు మాటలు చాలు. అవి నీ మొహం మీదే అంటాను.

కానీ నేను రాసిందంతా నిజం. నా కళ్ళతో చూసిందే రాశాను. పిల్లను పంపించు. నాది తప్పయితే నేనే చెప్తాను.

మెన్నా

అబెరైరన్
12 ఆగస్టు 2018

అమ్మా మెరెరిద్,

హైవెల్ నిన్ను బతిమాలి పిల్లను తెచ్చాడని తెలుసు. నువ్వు నాతో మాట్లాడకుండా దాని బట్టల మధ్య పాదాలను నిలబెట్టే ఊత పట్టీలు ఎలా కట్టాలో చీటీ రాసి పెట్టావని కూడా తెలుసు. ఆ చీటీ అలమర తలుపుకు అంటించాను.

మధ్యాహ్నం మూడయింది. హెలెద్ నా కుర్చీలో నిద్రపోతోంది. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నీది తప్పని తేల్చాలనే మొదలుపెట్టాను, అబద్ధమెందుకు. సోమవారం దాన్ని తీసుకుని తేనె ఐస్‌క్రీము కొట్టుకు బయలుదేరాను. నేనెప్పుడూ ముందు నడుస్తాను. పది అడుగులు వేసి వెనక్కి తిరిగి "రా రా పోనీ పిల్లా" అంటాను. అది నవ్వుతుంది, వస్తుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని వరసలో నడిపించిన అలవాటు అది. సోమవారం మాత్రం దీపస్తంభాలు లెక్కపెట్టాలని వెనక నడిచాను.

మెరెరిద్, నేను ఆ పిల్ల వీపు ఎన్నడూ చూడలేదు.

మొదటి స్తంభం దాటగానే భుజాలు బిగిశాయి. రెండోది రాకముందే కుడి పాదం లోపలికి తిరిగింది. ఒక చెయ్యి గోడ మీద పాముతూ పోయింది. ఆ గోడ గరుకు నీకు తెలుసు. కొట్టు అయిదో స్తంభం దగ్గర. మూడోదాని దగ్గర మెడ మీద చెమట కారుతోంది, ఎండ కూడా లేదు. అక్కడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను ముందుకు వెళ్ళి చూస్తే నవ్వుతోంది. ఆ నవ్వే నేను ఇన్నేళ్ళూ చూసింది.

బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను, "ఇంత నొప్పి ఉంటే నన్నెప్పుడూ ఆగమనలేదేం?" అని.

"అన్నాను నైన్. ప్రతిసారీ అన్నాను. నువ్వు ముందుంటావు కదా, నీకు వినపడదు" అంది.

"నేను తిరిగినప్పుడు చెప్పొచ్చు కదే?"

"నువ్వు తిరిగినప్పుడు నవ్వుతావు. అందుకని నేనూ నవ్వేదాన్ని."

ఐస్‌క్రీము కొట్టులో పిల్లను అడిగాను. "నైన్, నైన్ అని పిలుస్తూ ఉండేది అవ్వా, మీకు తెలుసనుకున్నాం" అంది. ఈ రేవులో అందరూ విన్నారు. నేనొక్కదాన్నే వినలేదు. వినకుండానే "ఒక్కసారి కూడా ఆగమనలేదు" అని సర్కారుకు రాసిచ్చాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. హైవెల్‌కు కూడా తెలియదు. మా తమ్ముడు ఎమ్రిస్ చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు ఈడ్చేవాడు. ఊరి సంఘం నుంచి ఒకావిడ వచ్చింది, వాడికి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఇప్పిస్తామని. మా అమ్మకు తలకొట్టేసినట్టయింది. వాడికి ఆదివారం బట్టలు తొడిగి, ఆవిడ ముందు గది ఆ మూల నుంచి ఈ మూలకు నాలుగుసార్లు నడిపించింది. "చూశారుగా, మావాడికేం లోటు లేదు" అంది. ఆవిడ బండి రాసుకోకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాడు వేణ్ణీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని, అమ్మకు వినపడకుండా ఏడ్చాడు. బేసిను పట్టుకున్నది నేనే. పదేళ్ళదాన్ని. వాడు బడి మానేశాడు, కొండ దిగలేక. అమ్మ గట్టి మనిషని ఊరంతా పొగిడింది. నేనూ అదే నేర్చుకున్నాను.

దీనితో పాటు వేరే కాగితం ఉంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం టైలరు టేపుతో కొలిచి రాశాను. చూసేవాళ్ళు ముసలిదానికి పిచ్చి పట్టిందనుకున్నారు. ఆరు రోజులు, ఎన్ని గజాలకు ఆగింది, ఎంతసేపు కూర్చుంది, ఎన్నిసార్లు పడింది, అన్నీ ఉన్నాయి. ఈసారి నేరుగా పంపలేదు. నువ్వు చదివి పంపు.

నువ్వు పిల్లను తక్కువ చేశావని అన్నాను. తక్కువ చేసింది నేను. దాని కష్టాన్ని లేకుండా చేశాను.

మెన్నా

బెథెస్డా
19 ఆగస్టు 2018

అత్తయ్యా,

మీ కాగితం శ్రీమతి పారీకి ఇచ్చాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "టేపుతో కొలిచిందా?" అని రెండుసార్లు అడిగింది.

మీ పాత ఉత్తరం కట్టలోంచి తీసేయవచ్చా అని అడిగాను. కుదరదట. అరవై ఒకటో పేజీ అలాగే ఉంటుంది, కొత్తది చివర చేరుతుంది. రెండూ చదివినవాళ్ళు "ఏది నిజం?" అని అడుగుతారు, కోడలు బలవంతంగా రాయించిందనీ అనుకోవచ్చు, మీ అత్తగారే వచ్చి చెబితే మంచిది, అంది శ్రీమతి పారీ.

మీరు వస్తారా? ముగ్గురు కూర్చుంటారు, ప్రశ్నలు వేస్తారు. మీకు కష్టమని తెలుసు.

మీ చేత జవాబు చెప్పించుకోవాలని కోపంలో చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు అడగాలంటే నాకే కష్టంగా ఉంది. నేను కూడా ఆ రోజు "మంచి ఉత్తరం" అంటే ఏమిటో చెప్పి ఉండాల్సింది. ఎమ్రిస్ మామయ్య గురించి హైవెల్‌కు చెప్పాను. మీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఓడెక్కాడు.

మీ
మెరి

అబెరైరన్
23 ఆగస్టు 2018

మెరి,

రాకపోవడమేమిటి? నా పేరున్న కాగితానికి నేను జవాబు చెప్పక మీ శ్రీమతి పారీ చెబుతుందా? నీలం కోటు ఉతకడానికి ఇచ్చాను.

మెన్నా

బెథెస్డా
23 నవంబరు 2018

అత్తయ్యా,

బుధవారం మీరు ఆ గదిలోనే ఉన్నా ఏం జరిగిందో మీకు సగమే తెలుసు. బయటికొచ్చాక అందరం ఏడ్చామే గానీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బస్సులో మీరు అడిగిందే అడుగుతుంటే ఊరంతా వింటోందని నేను తల ఊపాను. ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను.

మధ్యలో కూర్చున్నాయన జడ్జి. ఎడమ పక్క ఆవిడ డాక్టరు. చక్రాల కుర్చీలో ఉన్నాయన మూడో సభ్యుడు. ముందు నన్ను ముప్పావుగంట అడిగారు. బస్సు స్టాపు నుంచి ఇంటికి ఎంతసేపు, మధ్యలో ఏం జరుగుతుంది, పట్టీలు లేకుండా ఎలా, కాళ్ళ బిగుతు తగ్గడానికి ఇంజెక్షన్లు వేశాక ఎన్నాళ్ళు బాగుంటుంది. "నడక ఆపేస్తే మీరేం చేస్తారు?" అంది డాక్టరు. "మోస్తాను" అన్నాను. "మోయలేని రోజు?" అంది. నేను నా నడుము పట్టుకున్నాను. ఆవిడ రాసుకుంది.

తర్వాత జడ్జి మీ వైపు చూడకుండా కాగితాల్లోకి చూస్తూ ప్రశ్న వేశాడు. మీరు కదల్లేదు. చక్రాల కుర్చీ ఆయన "ఆవిడ పెదవులు చూసి వింటారు. తల ఎత్తి అడగండి" అన్నాడు. జడ్జి క్షమించమన్నాడు. ఆ క్షమాపణకు జవాబుగా మీరు "పర్వాలేదు బాబూ" అన్నారు, కానీ అప్పటికి ఆయన "మీరు మెన్నా ప్రిచర్డేనా?" అని అడుగుతున్నాడు. "పర్వాలేదు బాబూ" అనే రాసుకుని ఉంటాడు.

అరవై ఒకటో పేజీ తీసి అడిగాడు. "'ఒక్కసారి కూడా ఆగమని అడగలేదు' అని జనవరిలో రాశారు. ఆగస్టులో మూడో స్తంభం దాటలేదని రాశారు. ఈ ఏడు నెలల్లో పిల్ల పరిస్థితి మారిందా?"

మీరు లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు. మీకు మీ గొంతు వినపడదు కనుక, అత్తయ్యా, మీరు అరిచారు. బయట వరండాలో వాళ్ళకు కూడా వినపడిందని శ్రీమతి పారీ చెప్పింది.

"పిల్ల మారలేదు. నేను మారాను. అది ప్రతిసారీ ఆగమంది. నాకు చెవుడు. వినకుండానే అనలేదని రాశాను. ఆ ఉత్తరంలో ఉన్నది పిల్ల నడక కాదు, నా చెవుడు."

శాఖ తరఫున వచ్చినామె తను వేయాల్సిన ప్రశ్నల కాగితం చూసుకుని, ప్రశ్నలేమీ లేవంది. జడ్జి మీ వైపు తిరిగి నెమ్మదిగా "మీకు ఏమైనా కావాలా, మంచినీళ్ళు?" అని అడిగాడు. మీరు "కావాలి. పై రేటు కావాలి" అన్నారు. డాక్టరు నవ్వు ఆపుకోలేక దగ్గింది. మీరు దానికి కోపంగా చూశారు కనుక చెప్తున్నాను, అది మిమ్మల్ని ఎగతాళి చేసి నవ్విన నవ్వు కాదు.

బయట కూర్చోమన్నారు. పావుగంట. ఆ పావుగంటలో మీరు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఉంగరం గుర్తు ఇంకా ఉంది. లోపలికి పిలిచి జడ్జి చదివింది ఇది: అప్పీలు ఒప్పుకున్నాం, శాఖ నిర్ణయం పక్కన పెడుతున్నాం, పిల్లకు నడక భాగం పై రేటు, జనవరి నుంచే, పదకొండేళ్ళు నిండేదాకా.

ఇంటికొచ్చి హెలెద్‌కు చెప్పాను. "అంటే నేను ఓడిపోయానా?" అంది. ఏప్రిల్ నుంచి దాని మనసులో అదే ఉంది చూడండి. "కాదు. నువ్వు ఎంత కష్టపడి నడుస్తావో ముగ్గురు పెద్దవాళ్ళు విని, నమ్మి, సంతకం పెట్టారు" అన్నాను. "నైన్ కూడా చెప్పిందా?" అంది. గట్టిగా చెప్పిందన్నాను.

మీ
మెరి

అబెరైరన్
1 ఏప్రిల్ 2019

మెరి తల్లీ,

నీకు జ్వరం తగ్గిందని హైవెల్ చెప్పాడు. అల్లం టీ తాగు. నిన్న తల్లుల ఆదివారం పూట నువ్వు రాలేకపోయావని బాధపడకు, వచ్చినవాళ్ళు నీ వాటా కేకులు కూడా తినిపోయారు.

నువ్వు నాకు రాసిన దాంట్లో ఒకటి తక్కువైంది. తీర్పు చెప్పి మనల్ని పంపేశాక తలుపు దగ్గర నేను వెనక్కి తిరిగాను. ఆ డాక్టరమ్మ జడ్జితో గొణిగింది. ఎవరికీ వినపడని మాటలే నాకు బాగా తెలుస్తాయి. "ఈవిడ రెండు ఉత్తరాలూ నిజమనుకునే రాసింది" అంది. నిన్ను క్షమించమని అడగడానికి నాలుగు నెలలుగా ఆ మాటను దాచుకున్నాను. ఇప్పుడు వాడుకుంటున్నాను.

ఇక నిన్నటి సంగతి. కారు బాగుంది. రంగు నాకు నచ్చలేదు. హైవెల్ రేవు గోడ పక్కనే ఆపాడు. ఇదివరకు రెండు బస్సులు మారి వచ్చేసరికి పిల్ల కాళ్ళు దారిలోనే అయిపోయేవి. వచ్చిన రోజంతా కిటికీలోంచి సముద్రం చూస్తూ పడుకునేది. నిన్న తలుపు తీసుకుని దిగి నిలబడింది. కాళ్ళ వైపు చూసుకుని, "నైన్, ఇవాళ ఇవి ఇంకా కొత్తగానే ఉన్నాయి" అంది.

ఎటు వెళ్దామని అడిగాను. నీళ్ళలోకి అంది. ఏప్రిల్ వస్తున్న చలిలో! నేను వద్దనలేదు. హైవెల్ పట్టీలు విప్పాడు. గులకరాళ్ళ మీద తండ్రి చెయ్యి పట్టుకుని, ఆగుతూ, మళ్ళీ కదులుతూ, తనకు నచ్చినంత నిదానంగా నీళ్ళ దాకా పోయింది. అల వచ్చి పాదాలు తడిపింది. అది తల వెనక్కి వాల్చి నోరంతా తెరిచి అరిచింది. ఏమని అరిచిందో నాకు వినపడలేదు. రేవులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

మెన్నా